308 వించెస్టర్‌లో గురి పోటీలకు చవకైన బుల్లెట్ ఏది? నా సమాధానం

ముందు మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెబుతాను, తప్పుంటే దిద్దండి. డల్లాస్ దగ్గర ఉంటారు. కొత్తగా 308 వించెస్టర్ అనే తూటా రకానికి చేసిన బోల్ట్ రైఫిల్ కొన్నారు, బ్యారెల్ లోపలి చాళ్ళ మెలిక పది అంగుళాలకు ఒక చుట్టు. నెలకు రెండు సార్లు 100, 200 గజాల్లో కాలుస్తారు, ఏడాదికి ఒకటి రెండు సార్లు 600 గజాల క్లబ్బు పోటీకి వెళతారు. తూటాలు ఇంట్లోనే నింపుకుందామని ప్రెస్సు, డైలు, త్రాసు కొనేశారు. తీరా బుల్లెట్ల దగ్గరకు వచ్చేసరికి దుకాణంలో ఆ అరలన్నీ చూసి తల తిరిగింది. "చవకగా, కచ్చితంగా ఉండే బుల్లెట్ పేరు ఒక్కటి చెప్పండి చాలు" అన్నారు.

సరే, చెబుతాను. హోర్నడీ వారి 168 గ్రెయిన్ల బీటీహెచ్‌పీ (వెనక సన్నబడి, ముక్కు కొసన రంధ్రం ఉండే రకం) మ్యాచ్, లేకపోతే సియెరా వారి 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్. ఆ రోజు ఏది తక్కువ ధరకు దొరికితే అది. ముందు ఒక వంద కొని చూడండి, నచ్చితే అయిదు వందలు ఒకే లాటులో, అంటే ఒకే విడతలో తయారైన సరుకులో, కొనండి. మీరు ఇక్కడితో చదవడం ఆపేసినా పెద్ద నష్టమేమీ లేదు. కానీ ఎందుకో తెలియకపోతే మూడు నెలల్లో ఎవరో ఒకరు మీ మనసు మారుస్తారు. అలా మారిన మనసుకు నేను చెల్లించిన మూల్యం మా గ్యారేజీ అరలో ఇప్పటికీ ఉంది: పదకొండు రకాల బుల్లెట్లు, అన్నీ సగం వాడిన డబ్బాలు.

మాటల గురించి ఒక చిన్న సర్దుబాటు. మన పత్రికల్లో "బుల్లెట్", "తూటా" రెండూ ఒకే అర్థంలో వాడేస్తారు. ఇక్కడ తూటా అంటే ఇత్తడి కేసు, నిప్పు రాజేసే ప్రైమర్, తుపాకి మందు, బుల్లెట్ అన్నీ కలిసిన మొత్తం. బుల్లెట్ అంటే బ్యారెల్ లోంచి బయటికి పోయే గుండు మాత్రమే. బరువు గ్రెయిన్లలో చెబుతారు, 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. ఈ కొలత మనకు పరాయిదేమీ కాదు. బ్రిటిష్ కాలంలో ఖాయం చేసిన తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. అంటే మీరు కొనబోయే 168 గ్రెయిన్ల గుండు తులానికి పన్నెండు గ్రెయిన్లు తక్కువ. మా ఆవిడ ఈ లెక్క విని, "తులాల లెక్కన కొని మట్టిదిబ్బలోకి కాలుస్తున్నారన్నమాట" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

చవక అన్న మాట దగ్గర నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి ఏడాది 147 గ్రెయిన్ల ఫుల్ మెటల్ జాకెట్ బుల్లెట్లు వెయ్యి కొన్నాను, సైన్యపు తూటాల్లో వాడే రకం. మ్యాచ్ బుల్లెట్ ధరలో దాదాపు సగం. ఆ చలికాలమంతా మందు మార్చాను, కేసులు మార్చాను, స్కోపు బిగింపులు విప్పి మళ్ళీ బిగించాను. 100 గజాల దగ్గర గుంపు, అంటే అట్ట మీద రంధ్రాలన్నీ పరుచుకున్న వెడల్పు, రెండున్నర అంగుళాలకు తగ్గలేదు. రైఫిల్ అమ్మేద్దామనుకున్నాను. మా క్లబ్బులో రిటైరైన మెషినిస్టు ఒకాయన ఉండేవారు. నా బుల్లెట్‌ను చేతిలోకి తీసుకుని ముక్కు వైపు చూడనే లేదు, తిరగేసి అడుగు చూశారు. "ఇది నడిచేది ఈ కొసతో" అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఆ వాక్యం అర్థం కావడానికి నాకు ఇంకో నెల పట్టింది.

విషయం ఇది. బుల్లెట్ అంటే రాగి కలిసిన పలుచని తొడుగులో సీసపు దిమ్మ. తొడుగు మొదట చిన్న గిన్నెలా ఉంటుంది, ఒక వైపు మూసి, ఒక వైపు తెరిచి. మామూలు ఫుల్ మెటల్ జాకెట్‌లో మూసిన వైపును ముక్కుగా చేస్తారు, సీసాన్ని వెనక నుంచి నింపి అంచు మడుస్తారు. కాబట్టి అడుగు భాగంలో ఆ మడత, తెరిచి ఉన్న సీసం, ఒకదానికొకటి పోలని అంచులు. మ్యాచ్ బుల్లెట్‌లో ఇది తలకిందులు. మూసిన వైపు అడుగవుతుంది, సీసం ముందు నుంచి దిగుతుంది, చివరికి ముక్కును దగ్గరికి నొక్కుతారు. ముక్కు కొసన కనిపించే సన్నటి రంధ్రం ఆ పనిలో మిగిలిపోయినదే. వేట బుల్లెట్‌లా విచ్చుకోవడానికి పెట్టింది కాదు.

బ్యారెల్ కొసన గుండు బయటపడే క్షణంలో వెనక నుంచి తోస్తున్న వాయువు అడుగు అంచు చుట్టూ ఒక్కసారిగా బయటికి దూకుతుంది. ఆ అంచు ఒక పక్క కొంచెం వంకరైనా వాయువు ఆ పక్క ముందుగా తప్పించుకుని గుండును పక్కకు నెడుతుంది. ముక్కు కొస కాస్త చిట్లినా, సొట్టబోయినా 200 గజాల దగ్గర తేడా కనిపెట్టడం కష్టం. అడుగు చెడితే 100 గజాల దగ్గరే తెలిసిపోతుంది. అందుకే చవక కోసం ఎక్కడైనా రాజీపడండి గానీ, అడుగు దగ్గర మాత్రం వద్దు.

ఇక దూరం సంగతి. ఇది ముందే ఆలోచించినవారికి సగం డబ్బు మిగులుతుంది. మీ క్లబ్బు వాడేది మామూలు హైపవర్ పోటీ అట్ట అయితే, 200 గజాల దగ్గర పది మార్కుల వలయం ఏడంగుళాలు, మన ఇడ్లీ ప్లేటంత. 600 గజాల దగ్గర పన్నెండు అంగుళాలు. 100 గజాల దగ్గర ఒక కోణీయ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే 1.047 అంగుళాలు, దూరంతో పాటు పెరుగుతుంది. ఆ లెక్కన 200 గజాల వలయం మూడు నిమిషాలకు పైన, 600 గజాల వలయం రెండు నిమిషాలకు కొంచెం లోపు. పది గుళ్ళకు ఒక నిమిషం గుంపు పెట్టే తూటా మీ దగ్గరుంటే, పోయిన మార్కులకు బుల్లెట్‌ను నిందించే హక్కు మీకు లేదు. రైఫిల్‌ను ఆసరా మీద ఆనించి కాల్చే ఎఫ్-క్లాస్ పోటీ వేరు. అక్కడ పది వలయం దాదాపు సగానికి కుదించారు, అక్కడికి వెళ్ళేనాటికి మళ్ళీ అడగండి.

ఖరీదైన బుల్లెట్లు అమ్మేది గాలి లెక్క చెప్పి. డబ్బా మీద బాలిస్టిక్ కోఎఫిషెంట్ అని ఒక అంకె ఉంటుంది, గాలి నిరోధాన్ని గుండు ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పేది. 168 మ్యాచ్‌కింగ్‌కు 0.462. హోర్నడీ వారి ప్లాస్టిక్ ముక్కు 178 ఈఎల్‌డీ మ్యాచ్‌కు 0.547. చూడటానికి పెద్ద తేడా. గంటకు పది మైళ్ళ అడ్డగాలిలో 200 గజాలకు 168 గ్రెయిన్ల గుండు సుమారు మూడంగుళాలు పక్కకు జరుగుతుంది. ఖరీదైన గుండుతో అందులో మీకు మిగిలేది అర అంగుళం. 600 గజాలకు వెళితే ఆ జరుగుడు ముప్ఫై అంగుళాలు దాటుతుంది, అక్కడ మిగులు నాలుగైదు అంగుళాలు. అంటే ఏడాదికి రెండు రోజులు పనికొచ్చే సుగుణానికి మిగతా రోజులన్నీ ధర చెల్లించడం. పైగా ఆ 600 గజాల దగ్గర గాలిని గంటకు రెండు మైళ్ళు తప్పుగా అంచనా వేస్తే ఏ గుండయినా వలయం అంచుకు చేరుతుంది. మీకు, నాకు రెండు మైళ్ళ తప్పు మామూలు.

600 గజాల రోజుల కోసం కావాలంటే యాభై, వంద 175 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్‌లు విడిగా ఉంచుకోండి. 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్‌ను 1959లో 300 మీటర్ల అంతర్జాతీయ పోటీల కోసం తయారుచేశారు. దాని వెనక భాగపు ఏటవాలు కొంచెం నిటారుగా ఉంటుంది. ధ్వని వేగానికి దగ్గరగా నెమ్మదించేటప్పుడు, అంటే 800 గజాలు దాటాక, అది నిలకడ తప్పుతుందని 1,000 గజాల్లో కాల్చేవారందరికీ తెలుసు. 175కు ఆ వాలు మార్చారు. అమెరికా సైన్యపు ఎం118ఎల్ఆర్ తూటాలో ఉండేది ఆ 175నే. మీకు 600తో పని కాబట్టి 168 కూడా సరిపోతుంది. మనసు కోరుకుంటే మాత్రమే 175.

100, 200 గజాలకే పరిమితమయ్యేవారికి ఇంకో రహస్యం. వెనక సన్నబడే బోట్ టెయిల్ ఆకారం కూడా అవసరం లేదు. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే తక్కువ దూరాల బెంచ్‌రెస్ట్ పోటీల్లో గుళ్ళన్నీ ఒకే రంధ్రంలోంచి పంపేవారు వాడేది చదును అడుగు బుల్లెట్లే. చదునుగా ఉండే అడుగును నిఖార్సుగా చేయడం సులువు.

ముక్కు ఆకారం గురించి రెండు మాటలు, ఎందుకంటే కొత్తవాళ్ళ డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. కొన్ని బుల్లెట్ల ముక్కు వంపు పక్క గోడలోకి కోడిగుడ్డు కొసలా నున్నగా కలిసిపోతుంది, దాన్ని టాంజెంట్ అంటారు. కొన్నిటిది చెక్కిన పెన్సిల్‌లా చిన్న మూల చేసి కలుస్తుంది, అది సీకెంట్. రెండోది గాలిని బాగా కోస్తుంది. కానీ బ్యారెల్ లోపలి చాళ్ళు మొదలయ్యే చోటికి గుండు ఎంత దూరంలో కూర్చుందన్న విషయంలో దానికి మహా పట్టింపు. అంగుళంలో వెయ్యి వంతుల లెక్కన ముందుకీ వెనక్కీ జరుపుతూ దానికి ఇష్టమైన చోటు వెతకాలి. ఆ వెతుకులాటకే వంద గుళ్ళు పోతాయి. టాంజెంట్ ముక్కుది పల్లెటూరి బంధువు తత్వం, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ సర్దుకుంటుంది. మ్యాచ్‌కింగ్ 168కి అరవై ఏళ్ళు దాటినా ఇంత పేరుండటానికి నా లెక్కలో పెద్ద కారణం ఇదే. బెర్గర్ వారి సీకెంట్ ముక్కు వీఎల్‌డీ బుల్లెట్లు గొప్ప సరుకే, నా దగ్గరా ఉన్నాయి. మొదటి ఏడాదిలో కొనవలసినవి మాత్రం కావు. ఫిన్లాండ్ నుంచి వచ్చే లపువా సీనార్ బుల్లెట్ల నాణ్యత గురించి ఎవరూ తగవు పెట్టుకోరు. ధర గురించి నేను పెట్టుకుంటాను.

మీ మెలిక గురించి అడిగారు. పదికి ఒకటి అంటే 168, 175, 178 దేనికైనా ధారాళంగా సరిపోతుంది. గుండు నిలకడగా తిరగడానికి కావలసిన మెలికను నిర్ణయించేది ముఖ్యంగా దాని పొడవు. చాలామంది బరువు అనుకుంటారు. గ్రీన్‌హిల్ అనే ఆంగ్ల గణితవేత్త 1879లోనే ఒక సులువైన సూత్రం ఇచ్చాడు: వ్యాసపు వర్గాన్ని 150తో గుణించి గుండు పొడవుతో భాగించండి, అన్నీ అంగుళాల్లో. 0.308 వ్యాసం, 1.2 అంగుళాల పొడవు వేసి చూస్తే సుమారు 11.9 వస్తుంది, అంటే పన్నెండుకు ఒక చుట్టు ఉన్నా దాదాపు చాలు. మీ స్నేహితుడి 223 రైఫిల్‌కు ఇదే సలహా ఇవ్వకండి. అక్కడ మెలికలు పన్నెండు నుంచి ఏడు దాకా రకరకాలుగా ఉంటాయి. పన్నెండు మెలికలో 77 గ్రెయిన్ల పొడవాటి గుండు పెడితే అది జోరు తగ్గిన బొంగరంలా తూలి అట్టకు అడ్డంగా తగులుతుంది. అట్ట మీద గుండ్రటి రంధ్రం బదులు తాళంచెవి రంధ్రం లాంటి చీలిక కనిపిస్తే విషయం అదేనని గుర్తుపట్టండి.

ఇంకా చవకగా కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, కంపెనీలు పక్కన పెట్టిన సరుకు. రంగు మరక, చిన్న గీత, ముక్కు కొస సరిగా లేకపోవడం వంటి కారణాలతో తక్కువ ధరకు అమ్ముతారు. నోస్లర్ వారి ఇలాంటి సరుకు నేను చాలానే కాల్చాను. సాధనకు నిశ్చింతగా కొనవచ్చు. వచ్చిన సంచిలోంచి ఇరవై తీసి అడుగులు చూడండి, తూచండి. రెండోది, పీకిన బుల్లెట్లు, అంటే తయారైన తూటాల నుంచి వెనక్కి లాగినవి. పట్టకారు గాట్లు ఒంటి మీద ఉంటాయి, వాటిలో మ్యాచ్ రకానివి అరుదు. ధర నిజంగా సగం ఉంటేనే, అదీ మ్యాచ్ రకమని తేలితేనే. లేకపోతే నా 147ల కథ మీకూ మొదలవుతుంది.

త్రాసు దగ్గర కూర్చుని బుల్లెట్లను బరువును బట్టి వేరుచేయడం మొదలుపెట్టకండి. 168లో పదింట మూడు వంతుల గ్రెయిన్ తేడా అంటే నూటికి పావు వంతు కూడా కాదు, మీ అట్ట మీద దాని జాడ కనపడదు. కొలవాలనిపిస్తే అడుగు నుంచి ముక్కు వంపు మొదలయ్యే చోటి దాకా కంపారేటర్‌తో (ఆ చోటును పట్టుకుని పొడవు చెప్పే కొలత సాధనం) కొలవండి. డబ్బాలోంచి ఇరవై కొలిస్తే అంకెలన్నీ ఒకే చోట మూగాలి. రెండు చోట్ల మూగితే రెండు యంత్రాల సరుకు కలిసిందని అర్థం. వాటిని విడదీసి రెండు డబ్బాల్లో పెట్టుకోండి, అంతే.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. బుల్లెట్ల మీద కంటే బుల్లెట్లు పరీక్షించడం మీద ఎక్కువ డబ్బు పోతుంది. లెక్క చూడండి. ఏడాదికి ఆరు వందల గుళ్ళు కాలుస్తారనుకుందాం. చవక రకానికీ ఖరీదు రకానికీ గుండుకు పది సెంట్ల తేడా అనుకుందాం. ఏడాదికి అరవై డాలర్లు. అదే మీరు ఆరు రకాలు "ఒకసారి చూద్దాం" అని ఒక్కో వంద డబ్బా కొంటే, ఒక్కోదానికి మందు మోతాదులు, గుండును కూర్చోబెట్టే లోతులు మార్చుతూ పోతే, ఆరు వందల గుళ్ళూ అందులోనే అయిపోతాయి. ఒక పౌండు మందుతో 308 తూటాలు నూట అరవై దాకా నిండుతాయి, ఆ ఖర్చు కూడా కలపండి. ఏడాది చివర మీ దగ్గర మిగిలేది ఆరు ఖాళీ డబ్బాలు, ఒక అనుమానం. గాలి చదవడం మాత్రం రాలేదు.

పైగా ఆ పరీక్షల ఫలితాలు చాలావరకు అబద్ధాలు. మూడు గుళ్ళు కాల్చి, "ఇది అర అంగుళం, అది అంగుళం, కాబట్టి ఇదే మేలు" అని నేనూ ఏళ్ళ తరబడి నోటుబుక్కులో రాసుకున్నాను. అదే రైఫిల్, అదే తూటాతో మూడు గుళ్ళ గుంపు సగటున ఒక అంగుళం వస్తుంటే, పది గుళ్ళ గుంపు సగటున అంగుళంన్నర దాటుతుంది. తూటా చెడిపోలేదు, మూడు గుళ్ళకు నిజం చెప్పే శక్తి లేదు. ఒకే డబ్బాలోని తూటాలతో ఆరు సార్లు మూడేసి గుళ్ళు కాల్చి చూడండి. మంచి గుంపు చెత్త గుంపులో సగం ఉంటుంది. రెండు గుంపుల మధ్య మీరు మార్చినది ఏమీ లేదు. ఆ రోజు నా నోటుబుక్కు పక్కన పెట్టేశాను.

కాబట్టి రెండే రకాలు పరీక్షించండి, ఒక్కోదానికి పది గుళ్ళ గుంపులు రెండు. తేడా మూడింట ఒక వంతు కంటే తక్కువైతే తేడా లేనట్టే లెక్క, చవకైనది తీసుకోండి. ఏ బుల్లెట్ గెలిచిందో ఆ డబ్బా మీది లాటు నంబరు ఫోటో తీసుకుని, వీలైతే అదే నంబరు ఉన్నవి అయిదు వందలో వెయ్యో ఒకేసారి కొనండి. ఈ లాటు పట్టింపు మన దేశంలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పిల్లలకు బాగా తెలుసు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన ఆ అంశంలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అక్కడ రైఫిల్‌ను బిగించి రకరకాల లాటుల పెల్లెట్లు కాల్చి, నప్పిన లాటును పెట్టెలకొద్దీ కొని దాచుకుంటారు.

భద్రత గురించి క్లుప్తంగా, కానీ దీన్ని దాటవేయకండి. బరువు ఒకటే కదా అని ఒక కంపెనీ బుల్లెట్ మోతాదును ఇంకో కంపెనీ బుల్లెట్‌కు వాడవద్దు. బ్యారెల్‌ను ఒరుసుకునే భాగం పొడవు మారితే పీడనం మారుతుంది. బుల్లెట్ మారిన ప్రతిసారీ, లాటు మారినా సరే, ఆ బుల్లెట్‌కు అచ్చయిన మాన్యువల్ తీసి కనిష్ఠ మోతాదు నుంచి మళ్ళీ పైకి రండి. అందుకే నేను ఇక్కడ మందు అంకెలు ఒక్కటీ రాయలేదు, ఎవరైనా రాసినా నమ్మవద్దు. సీసం ముట్టుకున్న చేతులతో అన్నం తినకండి, పిల్లల్ని ఎత్తుకోకండి.

చదివే మిగతావారికి ఒక మాట. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల్లో ఉన్నవారు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ న్యాయవాదిని అడగకుండా వాటి మీద ఆధారపడవద్దు. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ అడ్డంకి లేదు. సొంతానికి నింపుకోవడానికి సమాఖ్య లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికైతే కావాలి. భారత్‌లో ఉన్నవారు మాత్రం దీన్ని ఇంట్లో ప్రయత్నించకండి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

మీరు ఈ వారం చేయవలసింది: హోర్నడీ 168 ఒక డబ్బా, సియెరా 168 ఒక డబ్బా. మీ రైఫిల్ మ్యాగజైన్‌లో తూటా పట్టే పొడవుకు కూర్చోబెట్టండి, చాళ్ళ దాకా తోయాలని చూడకండి. గుంపుల ఫోటోలు పెట్టేటప్పుడు పక్కన స్కేలు ఉంచండి, పక్కకు ఎగిరిన గుండును వేలితో కప్పకండి. అది కూడా లెక్కలోదే.